కారు స్టార్ట్ కాకపోతే: ఇమ్మొబిలైజర్, బ్యాటరీ, సెల్ఫ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కీ తిప్పగానే కారు పలకకపోతే చాలామంది వెంటనే రెండు మాటల్లో ఒకటి అంటారు: "సెల్ఫ్ పోయింది", లేదా "సెక్యూరిటీ లాక్ పడింది". ఏళ్ల తరబడి కార్ల వైరింగ్ పనిలో ఉన్నాను. అలా వచ్చిన కార్లలో చాలావాటికి అసలు జబ్బు బ్యాటరీ టెర్మినల్ దగ్గరో, ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్‌ని కారు లోహానికి కలిపే వైరు) దగ్గరో, కీ లోపలో దొరికింది. డబ్బు మాత్రం అప్పటికే ఇంజిన్‌ని మొదట తిప్పే సెల్ఫ్ మోటారుకో, కంప్యూటరుకో ఖర్చయిపోయి ఉండేది. అందుకే కింది జవాబుల్లో ఒకే మాట పదేపదే వస్తుంది: ముందు కొలవండి, తర్వాతే పార్టు మార్చండి.

ఇమ్మొబిలైజర్, అలారం రెండూ ఒకటేనా?

కాదు. అలారం పని అరవడం. ఇమ్మొబిలైజర్ అరవదు, ఇంజిన్‌ని లేవనివ్వదు. ఒకటి చెడినా రెండోది చక్కగా పనిచేస్తూ ఉండొచ్చు కాబట్టి, మొరాయిస్తున్నది ఏదో ముందు తేల్చుకోవాలి.

ఇమ్మొబిలైజర్ పనిచేసే తీరు ఇదీ. కీ పిడిలో, ప్లాస్టిక్ లోపల, అర అంగుళం దరిదాపుల్లో ఉండే చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. కీ దూర్చే రంధ్రం చుట్టూ సన్నని రాగి తీగతో చుట్టిన రింగు ఉంటుంది, దాన్నే యాంటెన్నా కాయిల్ అంటాం. కీ ఆన్ చేయగానే ఆ రింగు చాలా కార్లలో 125 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో తరంగాలు పంపుతుంది. ఆ తరంగాల శక్తితోనే చిప్‌కి ప్రాణం వచ్చి తన కోడ్ చెబుతుంది. ఆ కోడ్ సరిపోలితే ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, పెట్రోలు లేదా డీజిల్ చిమ్మడానికి అనుమతి ఇస్తుంది. ఈ తతంగమంతా ఒక్క సెకను లోపే అయిపోతుంది కాబట్టి మనకి తెలియదు.

మొదట్లో ఇంత తెలివి లేదు. 1980ల మధ్యలో జనరల్ మోటార్స్ తెచ్చిన పద్ధతిలో కీ మీద ఒక రెసిస్టర్ గుళిక ఉండేది. మొత్తం 15 రకాల విలువలే. తప్పు గుళిక తగిలితే కారు కొన్ని నిమిషాల పాటు స్టార్ట్ కాకుండా బిగుసుకునేది. ఆ తర్వాత చిప్ కీలు వచ్చాయి. ఐరోపా సమాఖ్య 1998 అక్టోబరు నుంచి, ఆస్ట్రేలియా 2001 జులై నుంచి, కెనడా 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశాయి.

జబ్బు బ్యాటరీదా, సెల్ఫ్‌దా, ఇమ్మొబిలైజర్‌దా? నాకు నేనుగా ఎలా తేల్చుకోవాలి?

చెవితో మొదలుపెట్టండి. కీ తిప్పినప్పుడు వచ్చే శబ్దమే సగం చెప్పేస్తుంది.

టకటకటకమని వరసగా కొట్టుకుంటూ, డాష్‌బోర్డు దీపాలు దానితో పాటు మిణుకుమిణుకుమంటే కరెంటు చాలడం లేదు. బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, లేదా టెర్మినల్ లూజై ఉండాలి. ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే సెల్ఫ్ మోటారు మీది అయస్కాంత స్విచ్, అంటే సోలినాయిడ్ వరకూ కరెంటు వెళ్లింది, మోటారు తిరగలేదు. అది మోటారు లోపలి జబ్బు కావచ్చు, లావు కేబుల్‌దో ఎర్త్ వైరుదో కూడా కావచ్చు. ఏ శబ్దమూ లేకుండా, దీపాలు మాత్రం నిండుగా వెలుగుతుంటే సెల్ఫ్‌కి ఆర్డరే వెళ్లడం లేదు. ఇక్కడ అనుమానించాల్సినవి ఇగ్నిషన్ స్విచ్, స్టార్టర్ రిలే (సెల్ఫ్‌కి కరెంటు కలిపే విద్యుత్ స్విచ్), గేరు లేదా క్లచ్ స్విచ్, కొన్ని కార్లలో ఇమ్మొబిలైజర్.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదంటే కథ వేరే. బ్యాటరీ, సెల్ఫ్ రెండూ బాగున్నట్టే. ఇంధనమో, స్పార్కో, క్రాంక్ సెన్సరో (ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పేది), ఇమ్మొబిలైజరో చూడాలి. పెట్రోలు కారైతే కీ ఆన్‌లో పెట్టి, రేడియో, ఫ్యాన్ ఆపేసి, వెనక సీటు వైపు చెవి పెట్టండి. చాలా కార్లలో పెట్రోలు పంపు రెండు సెకన్ల పాటు సన్నగా గుయ్‌మని ఆగుతుంది. ఆ శబ్దం వస్తే పంపుకి కరెంటు అందుతోందని తెలుస్తుంది. రాకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు, ఇమ్మొబిలైజర్ ఈ నాలుగింట్లో ఒకటి.

చెవి తర్వాత కన్ను: తాళం బొమ్మనో, కీ బొమ్మనో చూడండి.

తాళం బొమ్మ మిణుకుతోంది. దాని అర్థం ఏమిటి?

కారు ఆపి తాళం వేసినప్పుడు రెండు మూడు సెకన్లకోసారి ఎర్రగా మిణికితే అది కాపలా దీపం, భయం లేదు. కీ ఆన్ చేసినప్పుడు ఒకట్రెండు సెకన్లు వెలిగి ఆరిపోతే కీని గుర్తుపట్టిందని అర్థం. కీ ఆన్‌లో ఉండగా ఆరకుండా వెలిగినా, చకచకా మిణికినా గుర్తుపట్టలేదని అర్థం. ఒక్కో కంపెనీ భాష కొంచెం వేరుగా ఉంటుంది, కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ ఒక్క పేజీ చదివి పెట్టుకోండి. కారు బాగున్న రోజున ఆ దీపం ఎలా ప్రవర్తిస్తుందో గమనించి ఉంటే, చెడిన రోజున తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, రెండు సెకన్లలో ఆగిపోతుంది. మళ్లీ మళ్లీ అంతే.

ఇది ఇమ్మొబిలైజర్ జబ్బుకి అచ్చమైన లక్షణం. కొన్ని కార్లలో సెల్ఫ్‌ని ఆపరు, ఇంజిన్‌ని కూడా లేవనిస్తారు, కీ చెల్లలేదని తేలిన క్షణంలో ఇంధనం ఆపేస్తారు. ప్రతిసారీ కచ్చితంగా అదే సెకనులో ఆగుతుంటే, దానితో పాటు తాళం బొమ్మ వెలుగుతుంటే రెండో కీతో ప్రయత్నించండి. రెండో కీతో ఇంజిన్ నిలబడితే మొదటి కీ చిప్‌లో దోషం. రెండింటితోనూ ఆగితే రింగు కాయిల్, దాని ప్లగ్గు, లేదా కీ కోడ్‌ని చదివే ఇమ్మొబిలైజర్ పెట్టె, అంటే మాడ్యూల్ చూడాలి.

ఒక్కో రోజు రెండు సెకన్లు, ఒక్కో రోజు పది సెకన్లు నడిచి ఆగుతుంటే, యాక్సిలరేటర్ తొక్కితే కాసేపు నిలబడుతుంటే అది ఇమ్మొబిలైజర్ కాదు. ఇంధనం వైపో, గాలి వైపో వెతకండి.

హారన్ మోగుతోంది, హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. అంటే బ్యాటరీ బాగున్నట్టేగా?

ఈ ఒక్క నమ్మకం వల్ల ఎన్ని మంచి సెల్ఫ్ మోటార్లు పాత ఇనుములోకి పోయాయో! హారన్‌కి కొద్ది ఆంపియర్లు చాలు. హెడ్‌లైట్లు రెండూ కలిపినా సుమారు 10 ఆంపియర్లు. సెల్ఫ్ మోటారు 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది, డీజిల్ ఇంజినైతే ఇంకా ఎక్కువ. పది మోయగలిగినవాడు రెండొందలు మోస్తాడని చెప్పలేం కదా.

సులువైన పరీక్ష ఒకటి ఉంది. హెడ్‌లైట్లు వేసి, ఒకరిని ఎదురుగా నిలబెట్టి సెల్ఫ్ కొట్టండి. వెలుగు కొద్దిగా తగ్గి సెల్ఫ్ తిరిగితే ఫర్వాలేదు. దీపం కొడిగట్టినట్టు ఎర్రబడితే బ్యాటరీయో, కనెక్షనో. వెలుగు ఏమాత్రం తగ్గకుండా సెల్ఫ్ కూడా తిరక్కపోతే సెల్ఫ్ దాకా కరెంటే పోవడం లేదు.

వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా నయం. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 దగ్గరికి వస్తే దాదాపు ఖాళీ. ఇవి మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ లెక్కలు. ఇప్పుడు మీటర్ అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. మంచి బ్యాటరీ 10కి పైనే నిలబడుతుంది, 9.6 కన్నా దిగజారితే అది అలిసిపోయినట్టే. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య కనిపిస్తే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసేది) చార్జింగ్ ఇస్తోంది. కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగ్‌ని పెంచి తగ్గిస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ అంకె కిందికి దిగినా కంగారు పడక్కర్లేదు.

ఇక్కడే ఇమ్మొబిలైజర్ ముడి కూడా ఉంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే ఆ క్షణంలో మాడ్యూల్ కీని చదవలేక తప్పుతుంది, తాళం బొమ్మ వెలుగుతుంది. చూసినవాళ్లు సెక్యూరిటీ చెడిందనుకుంటారు. బ్యాటరీ నిండుగా చార్జి చేశాక కూడా అదే దీపం వెలిగితే అప్పుడు ఇమ్మొబిలైజర్ మీద చేయి వేయండి, అంతకు ముందు వద్దు.

కొత్త బ్యాటరీ, కొత్త సెల్ఫ్ వేయించాను. అయినా ఒక్కోసారి స్టార్ట్ కాదు. ఇక మిగిలిందేమిటి?

దారి. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వెళ్లే దారి, ముఖ్యంగా తిరిగి వచ్చే ఎర్త్ దారి.

ఇలాంటి కారు ఒకటి నా దగ్గరకి వచ్చింది. అప్పటికే దానికి సెల్ఫ్ మోటారు, బ్యాటరీ రెండూ మార్చేశారు, ఇమ్మొబిలైజర్ మాడ్యూల్ కూడా మార్చాలని చెప్పి పంపారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లేస్తుంది. ఇంజిన్ వేడెక్కి ఆపాక టక్కుమంటుంది, తాళం బొమ్మ మిణుకుతుంది, అంతే. మీటర్‌ని వోల్టులలో పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ మైనస్ దిమ్మె మీద, రెండోది ఇంజిన్ లోహం మీద ఆనించి సెల్ఫ్ కొట్టించాను. అక్కడ 0.2 వోల్టులు దాటకూడదు. 1.8 చూపించింది. అంటే బ్యాటరీ ఇచ్చే కరెంటు ఎర్త్ దారిలోనే ఇరుక్కుపోతోంది.

బ్యాటరీ కింద గేర్‌బాక్స్ నుంచి బాడీకి జడలా అల్లిన రాగి పట్టీ ఉంది. పైనుంచి చూస్తే నిక్షేపంగా ఉంది. బోల్టు విప్పి పట్టీని వేళ్ల మధ్య వంచితే లోపలి పోగులు సగం తెగిపోయి ఉన్నాయి, పచ్చని చిలుము పొడిలా రాలింది. బోల్టు కూర్చున్న చోట తుప్పు పొర. ఆ చోటుని గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది కొత్త పట్టీ బిగించాక అదే కొలత 0.1కి దిగింది. ఆ రోజు నుంచి తాళం బొమ్మ కూడా తన మానాన తాను వెలిగి ఆరిపోతోంది. ఆ కారు యజమాని పెట్టిన ఖర్చులో ఆ పట్టీ ధరే అన్నిటికన్నా తక్కువ.

ఇదే కొలత ప్లస్ వైపు కూడా తీయండి: బ్యాటరీ ప్లస్ దిమ్మెకీ, సెల్ఫ్ మీది లావు బోల్టుకీ మధ్య సెల్ఫ్ తిరిగేటప్పుడు 0.5 వోల్టుల లోపే ఉండాలి. టెర్మినల్ క్లాంపు మీద కాకుండా ముల్లుని సీసపు దిమ్మె మీదే ఆనించండి. క్లాంపుకీ దిమ్మెకీ మధ్యే నల్లటి పొర పట్టి ఉంటే దాన్ని కూడా ఈ కొలత పట్టిస్తుంది. టెర్మినల్‌ని చేత్తో తిప్పితే తిరగకూడదు. తిరిగిందంటే లూజు.

కీ కవరు పగిలితే కొత్తది వేయించాను. డోర్లు తెరుచుకుంటున్నాయి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ కావడం లేదు.

పాత కవరు పారేయకండి! చిప్ అందులోనే ఉండిపోయి ఉండొచ్చు. డోర్లు తెరిచే రిమోట్ బోర్డు వేరు, ఇమ్మొబిలైజర్ చిప్ వేరు. చాలా కీలలో ఆ చిప్ కవరు మూలలో ఒక చిన్న గూట్లో అంటించి ఉంటుంది: గాజు గొట్టంలాగానో, నల్లటి చదునైన ముక్కలాగానో. చూడటానికి ప్లాస్టిక్ ముక్కలా ఉండటంతో బోర్డు ఒక్కటే కొత్త కవరులోకి మార్చి మిగతాది చెత్తలో వేస్తారు. పాత కవరు దొరికితే దాన్ని కీ రంధ్రం పక్కన ఆనించి పట్టుకుని స్టార్ట్ చేసి చూడండి. లేచిందంటే దొంగ దొరికినట్టే.

గాజు గొట్టం చిప్ ఉన్న కీ గట్టి నేల మీద పడితే లోపల చిట్లిపోవచ్చు. నీళ్లలో పడిన కీలో మాత్రం రిమోట్ పోయినా చిప్ తరచూ బతికే ఉంటుంది. ఇంకో మాట: రెండు చిప్ కీలని ఒకే గుత్తిలో వేసుకోకండి. పక్క కీ చిప్ కూడా అదే సమయంలో జవాబిచ్చి రింగుని తికమక పెడుతుంది. గుత్తి నుంచి విడదీసి ఒక్క కీతో ప్రయత్నించడం డబ్బు ఖర్చు లేని మొదటి పరీక్ష.

బటన్ స్టార్ట్ కారు "కీ కనబడలేదు" అంటోంది. కీ జేబులోనే ఉంది.

ముందు కీలోని బిళ్ల బ్యాటరీ. చాలావాటిలో సీఆర్2032 రకం, 3 వోల్టులది ఉంటుంది. అది పూర్తిగా అయిపోయినా కారు స్టార్ట్ చేసే దారి తయారీదారులు ఉంచుతారు. చాలా మోడళ్లలో కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కాలి. కొన్నిటిలో కన్సోల్‌లోనో, స్టీరింగ్ పక్కనో దానికో ప్రత్యేక చోటు ఉంటుంది. అక్కడ బ్యాటరీ అక్కర్లేని చిప్‌నే చదువుతుంది. డోరు తెరవడానికి కీ లోపల దాచిన ఇనుప కీ ఉంటుంది. అది ఎలా బయటికి వస్తుందో ఇవాళే తీసి చూసుకోండి.

కొత్త బిళ్ల వేసినా ఇదే మాట వస్తుంటే కీ పక్కన ఫోను, వైర్‌లెస్ చార్జర్, చవకరకం యూఎస్‌బీ చార్జర్ లాంటివి లేకుండా చూడండి. వాటి రొదలో కీ మాట కారుకి వినపడదు. అయినా తగ్గకపోతే కారు బ్యాటరీ కొలవండి. బటన్ కార్లు వోల్టేజీ తగ్గితే మొదట చూపించేది తరచూ ఈ సందేశమే. బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో కూడా చూడండి: బ్రేకు స్విచ్ చెడితే పెడల్ తొక్కిన సంగతి కారుకి తెలియదు, అప్పుడు కొన్ని కార్లు స్టార్ట్ కావు.

బ్యాటరీ విప్పి మళ్లీ బిగించాక కారు లేవడం లేదు.

మొదట టెర్మినల్ బిగింపు చూడండి. తర్వాత కారు బయటి నుంచి రిమోట్‌తోనో, డ్రైవరు డోరులో కీతోనో ఒకసారి తాళం వేసి తీయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని అలారాలు కాపలా స్థితిలోనే నిద్రలేస్తాయి. తాళం తీస్తేనే దిగుతాయి.

కీ కోడ్‌లు సాధారణంగా కరెంటు పోయినా చెరగని జ్ఞాపకంలో ఉంటాయి. కాబట్టి బ్యాటరీ విప్పినంత మాత్రాన కీ కోడ్‌ని కారుకి మళ్లీ నేర్పించాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. మినహాయింపులు ఉన్నాయి. జనరల్ మోటార్స్ పాత కార్లలోని పాస్‌లాక్ అనే పద్ధతిలో సెక్యూరిటీ దీపం వెలిగి ఇంజిన్ ఆగిపోతే, కీని ఆన్‌లో అలాగే ఉంచి 10 నిమిషాల్లో దీపం ఆరేదాకా వేచి ఉండాలి. పూర్తిగా తిరిగి నేర్పడానికి అదే పని మూడుసార్లు, మొత్తం 30 నిమిషాలు. ఆ అరగంట బ్యాటరీ తట్టుకోవాలి కాబట్టి చార్జర్ తగిలించి చేయడం మంచిది. మీ కారుకి సంబంధం లేని ఇలాంటి కిటుకుని వీడియో చూసి ప్రయోగించొద్దు, బ్యాటరీ దిగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కారు కొన్నాక బయట వేయించిన అలారం ఉంది. అదీ స్టార్టింగ్‌ని ఆపగలదా?

ఆపగలదు, చాలా తరచుగా ఆపుతుంది కూడా. బయట వేసే అలారాల్లో చాలావాటికి సెల్ఫ్ వైరునో, పెట్రోలు పంపు వైరునో, ఇగ్నిషన్ వైరునో కత్తిరించి మధ్యలో ఒక రిలే పెడతారు. అలారం కాపలాలో ఉన్నప్పుడు రిలే ఆ దారిని తెంపుతుంది. ఆలోచన మంచిదే, చిక్కంతా అతుకుల దగ్గర. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ ప్యానెల్ విప్పితే వైర్ల పొర ఒలిచి, మెలితిప్పి, పైన టేపు చుట్టిన జాయింట్లు కనిపిస్తాయి. ఎండకి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. రాగి గాలికి నల్లబడుతుంది. కారు అదురుతున్నప్పుడల్లా ఆ మెలిక కాస్త కాస్త వదులవుతుంది. ఏడాది రెండేళ్లకి ఒక రోజు కీ తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు, ప్యానెల్ మీద గుద్దితే మళ్లీ లేస్తుంది.

మీ కారులో గుద్దితే, వైర్లు కదిలిస్తే పరిస్థితి మారుతుంటే ఈ అలారం వైరింగే నా మొదటి అనుమానం. దారి రెండే: ప్రతి అతుకునీ సోల్డర్ చేసో, సరైన కనెక్టర్ నొక్కించో కొత్తగా వేయించడం, లేదా అలారాన్ని పూర్తిగా తీయించి కారు అసలు వైరుని మళ్లీ అతికించడం. కారుకి కంపెనీ ఇమ్మొబిలైజర్ ఉంటే నేను రెండోదే చేయమంటాను. అలారం పెట్టె పీకేసి కత్తిరించిన వైర్లు అలాగే వదిలేస్తే కారు అసలు కదలదు, అది గుర్తుంచుకోండి. ఈలోగా ఎక్కడో చిక్కుకుపోతే డాష్‌బోర్డు కింద దాచిన వ్యాలే స్విచ్ అనే చిన్న బటన్ కోసం వెతకండి. అలారంని తాత్కాలికంగా పక్కన పెట్టడానికే అది ఉంది.

అర్ధరాత్రి అలారం దానంతట అదే మోగుతోంది.

బానెట్ కింది స్విచ్‌తో మొదలుపెట్టండి. వానకీ దుమ్ముకీ అది తుప్పు పట్టి, బానెట్ మూసి ఉన్నా తెరిచినట్టు చెబుతుంది. తర్వాత డోరు, డిక్కీ స్విచ్‌లు. చల్లబడే వేళ బలహీనమైన బ్యాటరీ వోల్టేజీ జారినా కొన్ని అలారాలు వైరు ఎవరో పీకారనుకుంటాయి. షాక్ సెన్సర్ సున్నితత్వం ఎక్కువ పెట్టి ఉంటే పక్కనుంచి లారీ వెళ్లినా చాలు.

రెండు మూడు రోజులు కారు తీయకపోతే బ్యాటరీ డౌన్ అవుతోంది.

కారు ఆపి ఉన్నా అలారం, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. అన్నీ నిద్రపోయాక 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే సాధారణం. ఆ లెక్కన రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం ఖాళీ అవడానికి రెండు వారాల పైనే పడుతుంది. ఏదో ఒకటి నిద్రపోకుండా అర ఆంపియర్ తాగుతుంటే రోజుకి 12 పోతాయి, రెండు రోజులకే సగం ఖాళీ.

కొలవాలంటే బానెట్ తాళం కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసి కారుని నమ్మించి, తాళం వేసి, మైనస్ కేబుల్ విప్పి దానికీ దిమ్మెకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల గుంటలో పెట్టి కలపండి. వెంటనే కనిపించే అంకెని నమ్మొద్దు. కొన్ని మాడ్యూళ్లు నిద్రపోవడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. మీటర్ అలా ఉండగా డోరు తెరవొద్దు, సెల్ఫ్ అసలు కొట్టొద్దు, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. అంకె ఎక్కువ ఉంటే ఏ ఫ్యూజు దారిలో పోతోందో వెతకాలి. ఫ్యూజు పీకి పెడితే నిద్రపోయిన మాడ్యూళ్లు లేస్తాయి కాబట్టి, ఫ్యూజు తల మీది రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవడం మేలు. సున్నా కాకుండా ఏదైనా చూపిస్తే ఆ దారిలో కరెంటు పారుతున్నట్టు. నేను తరచూ చూసేవి: ఆరని డిక్కీ దీపం, బయట వేయించిన స్టీరియో, ఆ అలారం పెట్టె.

ఫ్యూజు, రిలే నేనే చూసుకోవచ్చా?

తప్పకుండా. కంటికి బాగున్న ఫ్యూజులో వెంట్రుకంత చీలిక ఉండొచ్చు, మీటర్‌తోనే నమ్మండి. ఎగిరిన దాని స్థానంలో అదే ఆంపియర్లది వేయాలి, పెద్దది వేస్తే వైరు కాలుతుంది. స్టార్టర్ రిలేకీ హారన్ రిలేకీ నంబరు ఒకటే అయితే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి.

గేరు లివర్ కదిపితేనే స్టార్ట్ అవుతోంది.

ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి ప్రయత్నించండి. లేస్తే గేరు స్థానం చెప్పే స్విచ్‌లో జబ్బు. మాన్యువల్ కార్లలో క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్. ఇదేదీ ఇమ్మొబిలైజర్ పని కాదు.

తోస్తే లేస్తుందా?

మాన్యువల్ గేరు కారైతే, జబ్బు సెల్ఫ్‌దో కొద్దిగా డౌన్ అయిన బ్యాటరీదో అయితే లేస్తుంది. ఇమ్మొబిలైజర్ ఇంధనం ఆపేసి ఉంటే ఎంత దూరం తోసినా లేవదు. ఆటోమేటిక్‌ని తోయొద్దు.

జంపర్ కేబుళ్లు ఏ వరసలో తగిలించాలి?

ఎర్ర క్లిప్పు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో ఎర్ర క్లిప్పు మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి నల్ల క్లిప్పు డౌన్ అయిన కారు ఇంజిన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. ఆ చివరి కలపడంలో నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, అందుకే దూరం. కాసేపు ఆగి సెల్ఫ్ కొట్టండి, ఒక్కోసారి పది సెకన్లు మించొద్దు. తీసేటప్పుడు తిరగేసిన వరస. ప్లస్, మైనస్ తారుమారైతే కంప్యూటర్లు కాలిపోతాయి. ఒకటికి రెండుసార్లు గుర్తులు చూసుకోండి. ఇంకొకరు తొందరపెడితే ఆగమని చెప్పండి.

కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే లోపం కోడ్ వచ్చింది. ఆ పార్టు మార్చేయొచ్చా?

కోడ్ అనుమానితుడి పేరు చెబుతుంది, నేరం రుజువు చేయదు. పీ0513 అంటే కీ సరిపోలలేదు, పీ0633 అంటే ఈసీయూకి ఆ కీ నేర్పలేదు, యూ0167 అంటే ఇమ్మొబిలైజర్ మాడ్యూల్‌తో మాట తెగింది. మూడోది వచ్చినప్పుడు మాడ్యూల్ కొనేముందు దాని ఫ్యూజు, ఎర్త్, ప్లగ్గు చూడండి. అద్దం కింది గుంటలోంచో, డోరు రబ్బరులోంచో నీళ్లు దిగి ప్లగ్గు పిన్నులు పచ్చబడటం, ఎలుకలు వైర్లు కొరకడం నేను చాలా చూశాను. బ్యాటరీ డౌన్ అయినప్పుడు అబద్ధపు కోడ్‌లు గుంపుగా వస్తాయి. చార్జి చేసి, కోడ్‌లు చెరిపి, తిరిగి వచ్చేవాటినే లెక్కలోకి తీసుకోండి.

పాత కారు నుంచి తీసిన ఈసీయూ చవకగా దొరుకుతోంది. వేయించవచ్చా?

అలాగే బిగిస్తే లేవదు. ఈసీయూ, ఇమ్మొబిలైజర్, కీ ఒకదానికొకటి జత కట్టి ఉంటాయి. మూడూ ఒకే కారువైనా కావాలి, లేదా కొత్త జతగా నేర్పించడం వీలవుతుందని చేసేవారు ముందే రూఢిగా చెప్పాలి. వేయించాక అడగొద్దు.

ఈ బాధ పడలేను, ఇమ్మొబిలైజర్‌నే తీయించేస్తాను. తప్పేముంది?

మీ విసుగు నాకు తెలుసు. పని మీద బయల్దేరిన వేళ కారు మొరాయిస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అయినా వద్దంటాను. తీయించాక మీ కారుకి ఇనుప తాళం ఒక్కటే మిగులుతుంది. అమెరికాలో ఇమ్మొబిలైజర్ లేకుండా అమ్మిన కొన్ని కియా, హ్యుందాయ్ మోడళ్లని 2021 తర్వాత ఎంత తేలిగ్గా ఎత్తుకుపోయారో ప్రపంచమంతా చూసింది. బీమా దగ్గర కూడా మాట పడొచ్చు. పైగా మీ జబ్బు ఎర్త్ పట్టీలోనో, కాయిల్ ప్లగ్గులోనో ఉంటే, ఇమ్మొబిలైజర్ తీయించినా అది తీరదు.

మెకానిక్ దగ్గరకి వెళ్లేముందు ఏం రాసుకోవాలి?

"ఒక్కోసారి స్టార్ట్ కాదు" అని చెబితే ఆయనకి పట్టు దొరకదు, ఆయన ముందు కారు బుద్ధిగా లేస్తుంది. లేవని ప్రతిసారీ ఫోన్‌లో డాష్‌బోర్డు వీడియో తీయండి, శబ్దం కూడా రికార్డయ్యేలా. ఇంజిన్ వేడిగా ఉందా, చల్లగానా, వాన పడిందా, ఏ కీ వాడారు, తాళం బొమ్మ ఏం చేసింది, బ్యాటరీ వోల్టులు ఎంత, మళ్లీ ఎలా లేచింది. వెళ్లేటప్పుడు కీలు రెండూ తీసుకెళ్లండి. ఉన్నది ఒక్క కీయే అయితే రెండోది ఇప్పుడే చేయించండి: కొన్ని కార్లలో పనిచేసే కీ చేతిలో ఉండగా ఇంకోటి నేర్పడం తేలిక, ఉన్న ఒక్కటీ పోతే కారుని లారీ మీద ఎక్కించి తీసుకెళ్లాల్సి రావచ్చు.